అరవై నాలుగు ఎడమ చేతులు

“తలుపు తియ్యరా.”

“తియ్యను.”

“నాలుగున్నరైంది. ఐదింటికల్లా అక్కడుండాలి నేను.”

“ఉండక్కర్లేదు. తాళంచెవి నా జేబులో ఉంది. కావాలంటే జేబు కోసి తీసుకో. కోతలు నీకు కొత్తేం కాదుగా!”

అన్నాక లెక్కల మాస్టారు నాలుక కరుచుకున్నాడు. అన్న మాట వెనక్కి రాదు.

మాస్టరమ్మ చెప్పులు తొడుక్కుని, చేతిసంచీ భుజానికి తగిలించుకుని గడప దగ్గర నిలబడి ఉంది. ఇరవై తొమ్మిదేళ్ళుగా కోట్లు కుట్టే దుకాణంలో కటింగ్ మాస్టరు ఆమె. భర్త పోయినప్పుడు మూడేళ్ళ పిల్లాణ్ణి చంకనేసుకుని ఆ దుకాణం మెట్లెక్కింది. ఆ పిల్లాణ్ణి కత్తెర మీదే పెంచి, చదివించి, బళ్ళో లెక్కల మాస్టార్ని చేసింది. “ఇంట్లో ఇద్దరం మాస్టర్లమే, చెప్పింది వినేవాళ్ళే కరువు” అని అప్పుడప్పుడూ నవ్వించేది. ఆ మాటకి నవ్వేవాళ్ళు తొమ్మిది రోజులుగా ఈ ఇంట్లో లేరు.

తొమ్మిది రోజుల కిందట, పట్టపగలు, దుకాణం నుంచి వస్తూ ఈ ఇంటి మెట్ల మీదే పడిపోయింది. లేవదీయబోయిన కోడలికి అత్తగారి నోటి వాసన గుప్పున తగిలింది. ఆ సాయంత్రమే బీరువా వెనక రెండు, పాతగుడ్డల మూటలో ఒకటి, మొత్తం మూడు సీసాలు బయటపడ్డాయి. డాక్టరు మందులిచ్చాడు. మాస్టరమ్మ చేతుల వణుకు కాస్త తగ్గింది. ఇంటి వణుకే తగ్గలేదు.

“అమ్మా, కోపంతో అన్లేదు” అన్నాడు కొడుకు గొంతు తగ్గించి. “నీకేం కావాలన్నా ఇంట్లోనే చూసుకుంటాను. సెలవు పెడతాను. పగలూ రాత్రీ పక్కనే కూర్చుంటాను. అంతేగానీ, పదిమంది తాగుబోతుల మధ్య కూర్చుని ‘నేనూ తాగుతాను’ అని చాటుకోవడం ఏంటి?”

“చాటుకోడానికి కాదు. వినడానికి.”

“ఆ గదిలో మా బడిపిల్లల నాన్నలుంటారు. రేపు నేను బోర్డు మీద లెక్క వేస్తుంటే వెనక బెంచీలో గుసగుసలు మొదలవుతాయి.”

“అక్కడుంటే ఆ నాన్నలూ మానడానికి వచ్చినవాళ్ళేగా!” వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది కోడలు. “గుసగుసలాడాలంటే వాళ్ళ గుట్టు ముందు బయటపడాలి.”

“నువ్వూరుకో. నీవల్లే ఇదంతా.”

“అవును, నావల్లే.”

కోడలు కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. రోజంతా మనుషుల్ని కుర్చీలో కూర్చోబెట్టి “ఇప్పుడు కనిపిస్తోందా? ఇప్పుడో?” అని అడగడం ఆమె ఉద్యోగం. కనిపించేదాకా వదలదు. తాగుడు మానేవాళ్ళంతా కలుసుకునే చోటు ఏదో ఉంటుందని ఎక్కడో విని, వారం రోజులు ఆరా తీసింది. దొరికిన మొదటి నంబరు పనిచేయలేదు. రెండోది ఎలా మారిందో ఏమో, మందు షాపుకి తగిలింది. “సరుకు ఇంటికి పంపాలా మేడమ్?” అని మర్యాదగా అడిగాడట వాడు. మూడో నంబరులో ఒక పెద్దాయన మాట్లాడాడు. ఎవరికోసం అని అడగలేదు. ఏం తాగుతారు, ఎంత తాగుతారు అనీ అడగలేదు. “ఆదివారం ఐదింటికమ్మా. డ్రైవింగ్ స్కూలు పైన. మెట్లు చీకటిగా ఉంటాయి, చూసి ఎక్కమనండి” అన్నాడు. అంతే.

ఆ చివరి మాట మాస్టరమ్మకి నచ్చింది. తొమ్మిది రోజుల్లో తనకి బుద్ధి చెప్పకుండా దారి చెప్పిన మనిషి అతనొక్కడే.

“ఏవండీ” అంది కోడలు, “నేను కాపురానికొచ్చిన రోజు ఈ ఇంటి తాళంచెవి ఒకటి నా చేతిలో పెట్టిందెవరు?”

అతను జేబు మీద చెయ్యి వేసుకున్నాడు.

“అత్తయ్య. ‘ఇది నీ ఇల్లు, ఎవర్నీ అడక్కుండా వచ్చిపో’ అంది. అలా అన్న మనిషిని లోపల పెట్టి తాళమేస్తే నేను చూస్తూ ఊరుకోలేను.”

కొంగు ముడి విప్పి, తన తాళంచెవి తీసి, తలుపు తెరిచింది. సాయంకాలపు ఎండ నేరుగా గదిలోకొచ్చింది.

“వెళ్తే వెళ్ళండి. నన్ను మాత్రం రమ్మనకండి” అన్నాడు లెక్కల మాస్టారు గోడవైపు తిరిగి.

మాస్టరమ్మ గడప దాటి, ఆగింది.

“ఒరేయ్, నిన్ను మొదటిసారి బళ్ళో వేసిన రోజు ఈ తలుపే పట్టుకుని ఏడ్చావు. రెక్క పట్టుకుని ఈడ్చుకెళ్ళాను. నేను ఏడవకుండా వెళ్తున్నాను. నాకు నువ్వు ఆ పాటి మర్యాద ఇవ్వలేవా?”

అత్తాకోడళ్ళిద్దరూ మెట్లు దిగారు.

డ్రైవింగ్ స్కూలు మూసి ఉంది. పక్కనున్న మెట్లు పెద్దాయన చెప్పినట్టే చీకటిగా ఉన్నాయి. మొదటి అంతస్తులో ఒక తలుపు తెరిచి ఉంది. లోపల పాతికమంది దాకా ఉన్నారు. అందరి మొహాలూ జేవురించి ఉన్నాయి. అత్తాకోడళ్ళు చప్పుడు కాకుండా వెనక వరసలో కూర్చున్నారు.

ఒక లావుపాటి ఆయన నిలబడి ఊగిపోతున్నాడు. “మూడ్రోజులండీ! మూడ్రోజులుగా చుక్క లేదు! మనిషన్నవాడు ఎలా బతకాలి?”

మాస్టరమ్మ గుండె నీరైంది. కోడలి చెవిలో “ఇదే అమ్మాయ్. పాపం, ఎంత నరకం పడుతున్నాడో!” అంది. ఆయనవి మూడు రోజులు, తనవి తొమ్మిది అని మనసులో ఒక చిన్న గర్వం కూడా తొంగిచూసింది.

“పైవాళ్ళకి మాత్రం పొద్దస్తమానం కావల్సినంత!” అంటూ ఇంకొకాయన లేచాడు. “వాళ్ళు తెగతాగి మిగిలింది పారబోసుకుంటారు. మాకు గొంతు తడుపుకోవడానికి లేదు!”

“మరీ ఇంత బాహాటంగా అడుగుతారా?” అని మాస్టరమ్మ ఆశ్చర్యపోతుండగా, పుస్తకం పట్టుకున్న సెక్రటరీ వీళ్ళకేసి చూశాడు. “మీది ఏ ఫ్లాటండీ? మీ ట్యాంకుకి నీళ్ళొస్తున్నాయా?”

అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. “పొరపాటున వచ్చామండీ” అని కోడలు అంటూనే ఉంది, మాస్టరమ్మ అప్పటికే తలుపు దాటేసింది.

మెట్ల మలుపులో ఇద్దరూ గోడకి ఆనుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. కడుపు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వులోనే మాస్టరమ్మ కళ్ళు తడిశాయి.

“పదండి అత్తయ్యా, ఇంకో అంతస్తు.”

రెండో అంతస్తులో తలుపు దగ్గర నెరిసిన జుట్టు పెద్దాయన నిలబడి ఉన్నాడు. రైల్లో గార్డుగా పనిచేసి దిగిపోయినవాడు. అక్కడందరూ గార్డుగారనే పిలుస్తారు. ఇద్దరు ఆడవాళ్ళని చూసి ఆయన మొహం మెత్తబడింది.

“రండమ్మా. ఇంట్లోవాళ్ళకి మీటింగు వేరే ఉంది, బుధవారం. ఇది తాగేవాళ్ళది. మీ ఆయనగారు కింద ఆగిపోయారా? మొదటిసారి మెట్లెక్కడం కష్టమే. నేను దిగి తీసుకురానా?”

కోడలు నోరు తెరవబోయింది. మాస్టరమ్మ ఆమె చేతిమీద చెయ్యి వేసి ఆపింది.

లోపల గుండ్రంగా వేసిన కుర్చీల్లో పదకొండుమంది మగవాళ్ళు. పదకొండు మొహాలూ ఇటే తిరిగాయి. ‘అవునండీ, మా ఆయనకోసమే’ అనేస్తే చాలు. బుధవారం వస్తామని చెప్పి, పరువుగా దిగిపోవచ్చు.

“ఆయన పోయి ముప్పై ఏళ్ళు దగ్గరికొచ్చిందండీ” అంది మాస్టరమ్మ. “బతికినన్నాళ్ళూ చుక్క ముట్టలేదు. తాగేది నేను.”

ఒకేసారి ముగ్గురు లేచి కుర్చీ జరపబోయి ఒకరికొకరు అడ్డుపడ్డారు.

గార్డుగారు రెండు చేతులూ జోడించాడు. “తప్పయిందమ్మా. ఈ గదిలో ఒక ఆడమనిషి కుర్చీ వేసుకోవడం ఇదే మొదలు. మీరొచ్చారంటే ఇంకో నలుగురికి దారి పడినట్టే.”

కోడలు మెట్ల మీద కూర్చుంది. తలుపు మూసుకుంది.

మాస్టరమ్మ తల దించుకోకూడదనుకుంది. కళ్ళెక్కడ పెట్టాలో తెలియక వాళ్ళ బట్టలకేసి చూసింది. పక్క కుర్చీలో ఒక లారీ డ్రైవరు, అతని చొక్కా భుజం దగ్గర అంగుళం వదులు. గార్డుగారు కాలరు అరిగిపోతే తిప్పి కుట్టించుకున్నాడు, మంచి పనివాడే కుట్టాడు. బట్టలు చూస్తుంటే ఊపిరి కుదురుకుంది. మనుషుల కొలతలు ఎక్కడైనా కొలతలే.

“పేర్లక్కర్లేదు. ఇక్కడ విన్నది ఇక్కడే వదిలి వెళ్తాం. ఉన్నట్టుండి ఆపడం ఒంటికి మంచిది కాదు, డాక్టరుకి చూపించుకున్నారా?” అడిగాడు గార్డుగారు. ఆమె తలూపింది. “అయితే సరే. చెప్పాలనిపిస్తే చెప్పండి. లేకపోతే వినండి.”

ముందు లారీ డ్రైవరు లేచాడు. “మా అమ్మాయి స్కూటరు నేర్పమంది. ఆరేళ్ళుగా నన్ను బండి దరిదాపులకి రానివ్వని పిల్ల. మొన్న వెనక కూర్చుంది. మలుపు దగ్గర నా భుజమ్మీద చెయ్యేసింది.” తన భుజం తడుముకున్నాడు. “అంతే. ఇంకేం లేదు” అని కూర్చున్నాడు. కానీ అతని మొహం మాత్రం పతకం అందుకున్నవాడిలా ఉంది.

మాస్టరమ్మ వంతు వచ్చింది.

“నాది అంత తాగుడేం కాదండీ” అని మొదలుపెట్టింది. “నిలబడి చేసే పని. సాయంత్రానికి నడుం పట్టేసేది. నొప్పికని కొంచెం…”

ఎదురుగా కూర్చున్న సెలూన్ నడిపే అతను నవ్వాడు. వెక్కిరింపు కాదు, పాత స్నేహితుణ్ణి చూసినట్టు. “నాకూ నడుంనొప్పేనమ్మా. ఇరవయ్యేళ్ళు నిలబడే పనిచేశాను. మందు నడుముకి రాసుకుంటే తగ్గేదేమో. నేను గొంతుకి రాశాను.”

గదంతా నవ్వింది. మాస్టరమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వుతో పాటే లోపల బిగించి కుట్టిన కుట్టేదో పుటుక్కున తెగింది.

“అబద్ధం చెప్పాను” అంది. “మళ్ళీ చెప్తాను.”

కొంగు నడుముకి దోపుకుని నిలబడింది.

“నేను కోట్లు కోస్తాను. కోటు చేతులు కోసేటప్పుడు గుడ్డని మొహానికి మొహం, అంటే మంచివైపుకి మంచివైపు కలిపి పరవాలి. అప్పుడే ఒకటి కుడి, ఒకటి ఎడమ వస్తాయి. అన్నీ ఒకే వైపుకి పరిచి కోశామంటే అన్నీ ఒక చేతివే వస్తాయి. పని నేర్చుకున్న మొదటివారం చెప్పే పాఠం అది. పోయిన నెల బ్యాండువాళ్ళకి ముప్పై రెండు కోట్లు కుట్టే పని పడింది. నేనే పరిచాను, నేనే కోశాను. పొద్దున్నే తాగి ఉన్నాను. అరవై నాలుగు చేతులూ ఎడమవే.”

సెలూన్ అతను కుర్చీలో ముందుకు వంగాడు.

“నా పక్కన కాజాలక్క అని ఒకావిడ పనిచేసేది. కోట్లకి కాజాలు కుడుతుంది, అందుకని ఆ పేరు. గుడ్డ పరవడంలో నాకు సాయం పడేది. ఆ రోజు ‘మాస్టరమ్మా, ఒక్కసారి చూసుకోండి’ అంది. ‘నాకు నేర్పడానికొచ్చావా’ అన్నాను. ఓనరు వచ్చి అడిగినప్పుడు…” పక్క కుర్చీ వీపు పట్టుకుంది. “కాజాలక్క తప్పు పరిచిందన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసింది. ఒక్కమాట అన్లేదు. సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. నా నోటి వాసన ఆవిడకి రెండేళ్ళుగా తెలుసు. ఎవరికీ చెప్పలేదు. తాగానని మా ఇంట్లోవాళ్ళకి తెలుసు. ఇది తెలీదు.”

కూర్చుంది. అప్పుడు చప్పట్లు మొదలయ్యాయి. మాస్టరమ్మకి చిర్రెత్తింది.

“చప్పట్లెందుకండీ? ఒక మనిషి కడుపు కొట్టాననేగా చెప్పాను!”

“దానికి కాదమ్మా” అన్నాడు గార్డుగారు. “నాకు ఇలాంటి మాట ఒకటి బయటపెట్టడానికి మూడేళ్ళు పట్టింది. మీరు మొదటి రోజే చెప్పారు. అయితే తొందరేం లేదు. ముందు మీరు నిలదొక్కుకోండి. సరిదిద్దుకోవడానికి రోజులున్నాయి.”

“మా పనిలో రోజులుండవండీ. కోత తప్పితే ఆ పూటే చెప్పాలి. మర్నాటికి ఇంకొకరు దాన్ని కుట్టేస్తారు.”

ఆ మాటకి గార్డుగారు కాలరు సర్దుకున్నాడు.

మీటింగు అయ్యేసరికి ఆరుంపావు. తలుపు తీసిన మాస్టరమ్మకి మెట్ల మీద కోడలు కనిపించలేదు. కింద మలుపులోంచి మాటలు వినిపిస్తున్నాయి.

“ఏ మీటింగుకండీ? నీళ్ళదైతే అయిపోయింది.” ఇందాకటి సెక్రటరీ గొంతు.

“నీళ్ళది కాదు. పైదే.”

ఆ గొంతు విని మాస్టరమ్మ మెట్ల రెయిలింగు పట్టుకుని ఆగిపోయింది.

“పైదా? అది తాగుబోతుల… అంటే… తాగుడు మానేవాళ్ళది కదా? మీరెవరికోసం?”

మాస్టరమ్మ ‘ఫ్రెండు కోసం’ అంటాడనుకుంది. అన్నా తప్పు పట్టకూడదని కూడా అనుకుంది.

“మా అమ్మ ఉంది పైన” అన్నాడు లెక్కల మాస్టారు. క్లాసులో ఆఖరి బెంచీ దాకా వినిపించే గొంతు అది. “మానేస్తోంది. ఇవాళ్టికి తొమ్మిది రోజులు.”

మాస్టరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. ఇరవై తొమ్మిదేళ్ళ కత్తెర పనిలో ఎందరో పెద్దమనుషులు తను కోసిన కోటు వేసుకుని అద్దంలో చూసుకుని మురిసిపోయారు. ఆ మురిపెం ఎలా ఉంటుందో ఆమెకి ఇప్పుడు తెలిసింది.

కిందికి దిగింది. కోడలు పక్కనే ఉంది. కొడుకు తల్లికేసి చూడకుండా “మెట్లు చీకటిగా ఉన్నాయి, చెయ్యి పట్టుకో” అన్నాడు.

పట్టుకుంది. వీధిలోకొచ్చాక వదిలేసింది.

“ఇంటికి కాదు. ఇంకోచోటికి వెళ్ళాలి. నడుస్తూ చెప్తాను.”

చెప్పింది. కోడలు మధ్యలో ఒకసారి “అయ్యో అత్తయ్యా!” అంది. కొడుకు మాత్రం చివరిదాకా తల దించుకునే నడిచాడు. చెప్పడం అయ్యాక, “నువ్వే నాకు ‘తప్పు చేస్తే చెయ్యి, ఇంకొకళ్ళ మీదకి నెట్టకు’ అని చెప్పి, స్కేలుతో కొట్టావు. ఏడో క్లాసులో” అన్నాడు.

“కొట్టాను.”

“గట్టిగా కొట్టావు.”

“ఒరేయ్, వస్తావా రావా?”

“వస్తున్నాగా!”

కాజాలక్క ఉండేది బట్టలుతికే కొట్టు పక్కన, ఒంటిగది వాటాలో. తలుపు తీసింది ఆవిడే. వేలికి ఇంకా సూది గుచ్చుకోకుండా తొడుక్కునే అంగుస్తానా ఉంది. ఒడిలోంచి జారిన దారపు ముక్కలు చీరకి అంటుకుని ఉన్నాయి. ముగ్గుర్నీ చూసింది. లోపలికి రమ్మనలేదు.

“కాజాలక్కా” అంది మాస్టరమ్మ, “గుడ్డ పరిచింది నేను. కోసింది నేను. నీ మీద వేసింది నేను.”

“ఈ సంగతి నాకు తెలుసుగా! నాకెందుకు చెప్తున్నారు?”

“రేపు ఓనరుకి చెప్తాను. ముందు నీకు చెప్పకుండా ఆయనకి చెప్పడం న్యాయం కాదని వచ్చాను.”

కాజాలక్క ఒకడుగు ముందుకేసి, మాస్టరమ్మ మొహానికి దగ్గరగా వచ్చింది. దాపరికం లేకుండా వాసన చూసింది. కొడుకు ముందుకు కదలబోతే కోడలు చెయ్యి పట్టి ఆపింది. మాస్టరమ్మ కదల్లేదు. తల తిప్పుకోలేదు.

“ఈ మాట మీరే అంటున్నారా? లోపలున్న మందు మీచేత అనిపిస్తోందా?”

“తొమ్మిది రోజులుగా లోపల ఏమీ లేదు. నేనొక్కదాన్నే ఉన్నాను.”

కాజాలక్క కళ్ళలో ఏదో కదిలింది, కానీ గొంతు మారలేదు. “ఓనరు గదిలో గుట్టుగా చెప్తే చాలదు. కుట్టేవాళ్ళూ, ఇస్త్రీవాళ్ళూ అందరూ చూస్తుండగా వెళ్ళిపోయాను నేను. అందరూ ఉండగానే చెప్పాలి.”

“చెప్తాను. ఉద్యోగం పోతే పోతుంది.”

“మీ ఉద్యోగం పోవాలని నాకు లేదు మాస్టరమ్మా. నా పేరు నాకు రావాలి.” అంగుస్తానా తీసి పిడికిట్లో పెట్టుకుంది. “రేపు తొమ్మిదింటికి దుకాణం మెట్ల దగ్గరుంటాను. మీరు శుభ్రంగా వస్తే, మీ వెనకే లోపలికొస్తాను. ఇంకోలా వస్తే, ఇవాళ మీరు నా గుమ్మంలో నిలబడ్డారన్న సంగతి కూడా మర్చిపోతాను.”

తలుపు వేసింది. విసురుగా కాదు. నెమ్మదిగానే.

తిరుగుదారిలో ముగ్గురూ ఒకే వరసలో నడిచారు. దుకాణాల దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. మాస్టరమ్మ నడుం నిటారుగా ఉంది. కొడుకు చూసీచూడనట్టు ఆ నడక చూశాడు. చిన్నప్పుడు బడి గేటు దగ్గర నిలబడి, దూరంనుంచి ఆ నడకనే గుర్తుపట్టి “అదిగో మా అమ్మ” అని చూపించేవాడు.

“రేపు మొదటి పీరియడు వేరేవాళ్ళకి అప్పజెప్పి నేనూ వస్తాను” అన్నాడు.

“వద్దు. నువ్వు పిల్లలకి లెక్కలు చెప్పు. నా లెక్క నేను చెప్పుకుంటాను.”

“కనీసం దుకాణం దాకా…”

“కోడలు వస్తుంది. దానికి దారిలోనేగా పని!”

వీధి మలుపు తిరిగాక కొడుకే మళ్ళీ అడిగాడు. దెప్పుతున్నట్టు కాదు, భయపడుతున్నట్టు అడిగాడు.

“అమ్మా, ఇంకా ఏమైనా దాచావా?”

మాస్టరమ్మ నాలుగడుగులు వేసింది. ఐదో అడుగు దగ్గర ఆగిపోయింది.

“మూడు సీసాలు దొరికాయి మీకు” అంది. “నాలుగోది ఉంది. మూత తియ్యలేదు. తొమ్మిది రోజులుగా అది అక్కడుందని తెలుసుకుంటూనే నిద్రపోతున్నాను.”

కోడలు ఆమె చెయ్యి పట్టుకుంది. కొడుకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

“ఎక్కడుందమ్మా?”

పదకొండుమంది కొత్తవాళ్ళ ముందు నిజం ఒప్పుకున్న మనిషి. కాజాలక్క కళ్ళలోకి సూటిగా చూసిన మనిషి. చెప్పడానికి నోరు తెరిచింది. పెదవులు కదిలాయి గానీ, మాట బయటికి రాలేదు.

ఇల్లు ఇంకా రెండు వీధుల దూరం ఉంది.